మరల రెండు చక్రములమీద



తలకు బలమైన దెబ్బ తగిలి, చికిత్స పొంది, ఇంటికి చేరిన మనిషి మొదటి నెలలో అన్నము అడుగును, నిద్ర అడుగును, తలనొప్పికి మాత్ర అడుగును. రెండవ నెలలోనో మూడవ నెలలోనో అతడు అడుగునది వేరొకటి. పట్టణవాసి యైతే తన మోటారు బండి తాళపుచెవి ఎక్కడ పెట్టితిరని అడుగును. మా నెల్లూరు సముద్రపు ప్రక్క పల్లెలలో కాపురమున్న నావంటివాడైతే, "నా సైకిలేది?" అని అడుగును. ఇంటివారు ఆ మాట విని ఒకరి ముఖమొకరు చూచుకొందురు. వద్దనుట వారికి సులభము. అతని ఏడుపు చూడలేక సరే యనుట మరియు సులభము. ఈ రెండు జవాబులకు నడుమ చాల దూరము కలదు. ఆ దూరమును నేను పదునైదు నెలలు నడిచినవాడను గనుక, మీలో ఎవరి యింటనైనను అట్టి ప్రశ్న పుట్టినయెడల ఉపయోగపడునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను ఇందుకూరుపేట ప్రాంతమందు ముప్పదియొక సంవత్సరములు ఎలిమెంటరీ బడిలో పనిచేసి విశ్రాంతి తీసికొనినవాడను. ఊరివారు నన్ను నేటికిని "అయివోరు" అనియే పిలుతురు. ఉద్యోగము విడిచిన తరువాత వారమునకు నాలుగు సాయంకాలములు సముద్రపు వైపు అయిదు కిలోమీటర్ల దూరముననున్న ఒక పట్టపుపాళెమునకు పోయి, అచ్చటి బిడ్డలకు అక్షరములును ఎక్కములును చెప్పుచుంటిని. పాళెమునకు బస్సు లేదు. ఆటో రానుపోను కిరాయి నా పింఛనుకు బరువు. సైకిలు ఒక్కటే నన్ను అక్కడికి చేర్చునది. ఈ సంగతి ముందుగా ఎందుకు చెప్పుచున్నాననగా, సైకిలు కొందరికి వ్యాయామము, కొందరికి సరదా. నాకు అది ఇరువదిముగ్గురు పిల్లలు కూర్చుండి యెదురుచూచు ఒక చాప.

2023 మార్చి నెలలో, వరికోతల రోజులలో, ఈ ప్రమాదము జరిగెను. ఆ దినములలో మా రోడ్డు సగము వడ్లు ఆరబోసికొనుటకే సరిపోవును. మిగిలిన సగములో నేను పోవుచుండగా వెనుకనుండి వచ్చిన బండి నన్ను త్రోసినదని చూచినవారు చెప్పిరి. ఎవరి బండి, ఎవరి తప్పు అని విచారించుట ఈ వ్యాసము పని కాదు. నాకైతే ఆ దినమున ఉదయము పెరుగన్నము తినుట వరకే జ్ఞాపకము. ఆ తరువాత పదునెనిమిది దినములు నా జీవితములో లేవు. వాటిని నా భార్య దాచియుంచినది. అప్పుడప్పుడు కొంచెము కొంచెము చెప్పును.

108 బండి వచ్చినది. నెల్లూరిలో స్కాను తీసి, తలలో కుడిప్రక్కన రక్తము గడ్డకట్టి మెదడును నొక్కుచున్నదని చెప్పి, అదే రాత్రి చెన్నపట్టణము పంపిరి. అక్కడ పుర్రె యెముకలో అరచేయంత ముక్కను కోసి తీసి, వాచిన మెదడునకు చోటు కల్పించిరి. ఆ యెముకను ఏమి చేసిరని మీరడుగుదురు. నా కడుపు చర్మము క్రిందనే దాచిరి! చెడిపోకుండుటకు మనిషి దేహమే మంచి పెట్టె యని మన దేశములో అనేక ఆసుపత్రులలో ఈలాగు చేయుదురు. నాలుగు నెలల తరువాత, జూలైలో, దానిని కడుపునుండి తీసి మరల తలకు బిగించిరి. ఆ నాలుగు నెలలు నా తల కుడిప్రక్క తోలు క్రింద మెత్తగా, లోతుగా నుండెను. మా మనుమడు చూచి, "తాతా, నీ తల పంచరయిందా?" అని అడిగెను. ఇంటిల్లిపాది అంతవరకు నవ్వియుండలేదు. ఆ మాటకు నవ్విరి.

ఆసుపత్రి కాగితములో నా పేరు ప్రక్కన 9 అను అంకె వ్రాయబడియుండెను. అది 1974లో గ్లాస్గో పట్టణపు వైద్యులైన టీస్‌డేల్, జెన్నెట్ అనువారు ఏర్పరచిన కొలత. కన్ను తెరచుటకు 4, మాటకు 5, చేయికాలు కదలికకు 6, మొత్తము 15. ఏమియు లేనివానికిని 3 వచ్చును. నేను పిల్లలకు మార్కులు వేసి బ్రతికినవాడను. పదునైదింటికి తొమ్మిదియే వచ్చినవని తెలిసినప్పుడు కొంచెము సిగ్గుపడితిని.

ఇక అసలు సంగతికి వచ్చెదను. పుర్రె అతుకుకొన్నది, కుట్లు మానినవి, మనిషి నడుచుచున్నాడు, మాట స్పష్టముగా నున్నది. చూచువారు "బాగయిపోయినాడు" అందురు. తలదెబ్బలో మోసము ఇక్కడనే యున్నది. కాలు విరిగినవానికి కట్టు కనబడును. మెదడు దెబ్బ తిన్నవానికి ఏ కట్టును కనబడదు, తనకే కనబడదు. నా సంగతి చూడుడి. అన్నము తినునప్పుడు కంచములో కుడిసగము మాత్రమే తిని లేచుచుంటిని. ఎడమప్రక్కనున్న పప్పు అట్లే యుండును. నా భార్య మొదట రుచి లేదేమో యని నొచ్చుకొనెను, తరువాత కంచమును చేతితో సగము త్రిప్పి చూచెను, నేను "ఇంకొంచెము వేసినావా?" అని తినుట మొదలుపెట్టితిని. పత్రిక చదివినను పంక్తిలో మొదటి రెండు మూడు మాటలు వదలి మధ్యనుండి చదువుచు, ఈ విలేఖరులకు తెలుగు రాదని విసుగుకొనుచుంటిని. నా కన్నులలో దోషమేమియు లేదు. మెదడు కుడిభాగమునకు దెబ్బ తగిలినవారిలో కొందరికి లోకములోని ఎడమసగము మరపునకు వచ్చును. చూపు పోవుట కాదిది, చూడవలెనను తలంపు పోవుట. వైద్యులు దీనికి కసరత్తులు చెప్పుదురు. పుటకు ఎడమ అంచున ఎర్రగీత గీసి, ప్రతి పంక్తికి ముందు ఆ ఎర్రగీత కనబడువరకు తల త్రిప్పవలెను. అరువదియైదవ యేట నేను పలకబలపము పట్టిన పిల్లవానివలె ఈ పాఠము నేర్చుకొంటిని.

చదువరులారా, ఈ దోషముగలవాడు సైకిలెక్కిన ఏమగునో ఆలోచించుడి. అమెరికావంటి దేశములలో బండ్లు కుడిప్రక్కన పోవును గనుక ఎడమను మరచినవాడు ఎదురుబండ్లను మరచును. మన దేశములో మనము ఎడమప్రక్కన పోవుదుము. కావున ఎడమను మరచినవాడు రోడ్డు అంచును మరచును. మా వైపు రోడ్డు అంచన నేమి? పంటకాలువ, రొయ్యలగుంట గట్టు, కోసిన పొలములలో మేసి రోడ్డు దాటు బాతుల మంద, తలమీద గంపతో పోవు ఆడబిడ్డ. బండ్ల భయము అందరికిని తెలియును. నాకు కాలువ భయమే ఎక్కువ కావలసియుండెను. దెబ్బ కుడిప్రక్కనా ఎడమప్రక్కనా, మీ రోడ్డుమీద ఏ ప్రక్కన ఏమున్నది అను రెండు సంగతులు జతపరచి చూచుకొనవలెను. ఏ పుస్తకమును మీ యూరి రోడ్డును ఎరుగదు.

రెండవ దోషము తలతిరుగుడు. పడకమీద ప్రక్కకు ఒత్తిగిల్లినను, పైఅటక వైపు తలయెత్తినను, ఇల్లు గిరగిర తిరిగెడిది. చెవి లోపల సమతూకమును కనిపెట్టు చోట సన్నని సున్నపు కణములు కలవట. తలదెబ్బకు అవి తమ చోటునుండి రాలి, ప్రక్కనున్న గొట్టములలో పడి, మనిషి కదలినప్పుడెల్ల తప్పుడు వార్త పంపుచుండును. దీనికి మందుకంటె తలను ఒక వరుసలో త్రిప్పుటయే చికిత్స. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ ఈ పద్ధతిని 1992లో ప్రచురించెను. అతని పేరుతోనే పిలుతురు. తెలిసిన వైద్యుడు రెండు మూడు దినములలో దీనిని కుదుర్చగలడు. నాకు రెండవసారికే కుదిరెను. దీనిని మొదట బాగుచేసికొనక సైకిలు సంగతి తలపెట్టరాదు. ఏలయనగా కుడిప్రక్కకు మళ్లవలసినవాడు భుజముమీదుగా వెనుకకు తిరిగి చూడవలెను. తల తిరిగిన క్షణమే ఇల్లును తిరిగినయెడల ఇంకేమున్నది?

మూడవది మూర్ఛ. మే నెలలో నాకు ఒకసారి వచ్చెను, మంచముమీద నుండగా వచ్చెను గనుక దెబ్బ తగులలేదు. మెదడుమీది మచ్చనుండి ఇట్టిది ఎప్పుడైనను పుట్టవచ్చునని చెప్పి వైద్యులు మాత్రలిచ్చిరి; ఒక సంవత్సరము పూర్తిగా రాకున్నయెడలనే రోడ్డుమీది సైకిలు మాట ఎత్తుదమనిరి. మోటారు బండికి లైసెన్సు కావలెను, సైకిలుకు అక్కరలేదు. కనుక సైకిలు విషయములో మనలను ఆపు పోలీసు ఎవడును లేడు. ఆపవలసినది వైద్యుని మాటయు, రాత్రి తప్పక మ్రింగిన మాత్రయు. ఈ రోగములో ఒక పూట మాత్ర మానినవాడు మరునాడు బాగుగనే యుండును. అందుచేతనే మరల మానును. ఆ తరువాత ఏమగునో నేను చెప్పనక్కరలేదు.

నాలుగవది అలసట. దీనిని గూర్చి ఎక్కువ చెప్పను, అనుభవించినవానికే తెలియును. నూనె తక్కువైన దీపమువలె మనిషి ఉన్నట్లుండి మందగించును. కాళ్లు అలసినను కూర్చుండవచ్చును. తల అలసినప్పుడు తాను అలసినానను సంగతియే తెలియదు. కోపము ముందుగా వచ్చును. నా భార్య దానిని గుర్తుపట్టి, "ఈ కోపము మీది కాదండీ, దెబ్బది. పోయి పండుకోండి," అనును. సైకిలుకు ఆమె చెప్పిన సూత్రము ఇదియే: మాట విసురుగా వచ్చిన దినమున బండి ముట్టరాదు.

ఇచ్చట ఒక పాత చరిత్ర చెప్పుదును. 1935 మే నెలలో ఇంగ్లండులో లారెన్సు అను ప్రసిద్ధ సైనికుడు మోటారు సైకిలుమీద వేగముగా పోవుచు, ఎదుట సైకిళ్లమీదనున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి పడెను. తలకు దెబ్బ తగిలి ఆరు దినములకు చనిపోయెను. అతనిని చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్‌సు అను తల శస్త్రవైద్యుడొకడు. ఆ మరణము అతని మనస్సును విడువలేదు. యుద్ధకాలములో సైన్యమునకు వార్తలు మోయు మోటారు సైకిలువారు తలలు పగిలి చచ్చుట గమనించి, టోపీ ధరించినవారికిని ధరింపనివారికిని గల భేదమును 1941లో ప్రచురించెను. ఆ యేటనే బ్రిటిషు సైన్యము ఆ సైనికులకు హెల్మెట్ విధించెను. సామాన్య ప్రజలకు అక్కడ ఆ చట్టము 1973వరకు రాలేదు. మన దేశములో 1988 నాటి చట్టము మోటారు సైకిలువారికి విధించినది; కాలితో త్రొక్కు సైకిలుకు ఆ విధి లేదు. విధి లేదు గనుక అవసరమును లేదని మన పల్లెలలో అనుకొందురు. చదువరీ, నేల మాత్రము మోటారు తలకొకటి, సైకిలు తలకొకటియని రెండు విధములుగా నుండదు.

మన దక్షిణదేశములో తలదెబ్బకు వైద్యము దొరకుట కూడ పాత సంగతి కాదు. కెనడాలో పెన్‌ఫీల్డు అను గొప్ప వైద్యునియొద్ద నేర్చుకొని వచ్చిన డాక్టరు జేకబ్ చాండీగారు 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మెదడు, నరముల శస్త్రచికిత్స విభాగమును ఆరంభించిరి. మన దేశములో అదియే మొదటిది. మరుసటి యేడు డాక్టరు రామమూర్తిగారు చెన్నపట్టణపు జనరల్ ఆసుపత్రిలో మొదలుపెట్టిరి. అంతకుముందు మా తాతలనాట తాటిచెట్టుమీదనుండి పడినవానికి పసుపును ప్రార్థనయు తప్ప వేరేమి యుండెను? ఆ వేలూరులోనే డాక్టరు మేరీ వర్గీసుగారు 1954లో వాహన ప్రమాదమున వెన్ను విరిగి, నడుము క్రింద చలనము కోల్పోయిరి. తరువాత చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి, అమెరికాకు పోయి చదివి వచ్చి, గాయపడినవారికి మరల బ్రతుకు నేర్పు విభాగమును వేలూరులో నడిపిరి. 1966లో దానికి ప్రత్యేకముగా ఒక సంస్థయే వెలసెను. ఆమె మరల నడువలేదు. చక్రముల కుర్చీని ఓటమిగా ఎంచనందుననే అన్ని పనులు చేయగలిగిరని నా అభిప్రాయము. నా ఆడవాళ్ల సైకిలును గూర్చి ఊరివారు నవ్వినప్పుడు నేను ఆమెను తలచుకొంటిని. ఆ సైకిలు కథ చెప్పెదను.

నా పాత సైకిలు అడ్డకడ్డీగల పెద్దది. దానిని ఎక్కవలెనన్నను దిగవలెనన్నను కాలు వెనుకనుండి త్రిప్పి వేయవలెను. ఆ క్షణమున మనిషి ఒంటికాలిమీద నుండును. తూకము తప్పినవాడు పడునది ఎక్కువగా ఎక్కునప్పుడును దిగునప్పుడును, త్రొక్కునప్పుడు కాదు. వైద్యము నేర్పిన అమ్మాయి ఈ సంగతి చెప్పి, "తాతగారూ, కడ్డీ లేని సైకిలు చూచుకోండి," అనెను. మా మనుమరాలిది ఒకటి వసారాలో నుండెను. 2024 జనవరిలో, వైద్యుని సెలవు తీసికొని, దానిని మా యూరి సైకిలు మరమ్మతు అబ్బాయి యొద్దకు నడిపించుకొనిపోయి, పెడళ్లు రెండును విప్పుమంటిని. అతడు నా ముఖము చూచి, "అయివోరా, పెడళ్లు లేకుండా సైకిలేంది?" అనెను. (ఎడమ పెడలు మర తిరగబడి యుండును, కుడివైపునకు త్రిప్పిననే ఊడును. ఈ సంగతి తెలియక బలవంతముగా మరను చెరుపుకొనువారు అనేకులు.)

పెడళ్లు లేని సైకిలు వింత యేమియు కాదు. 1817లో జర్మనీ దేశములో డ్రైస్ అను పెద్దమనిషి మొట్టమొదట చేసినది అట్టిదే. దానికి పెడళ్లు లేవు, మనిషి కూర్చుండి రెండు పాదములతో నేలను తన్నుకొనుచు పోవలెను. పెడళ్లు వచ్చుటకు మరి నలువది సంవత్సరములకు పైగా పట్టెను. నేనును సీటును పూర్తిగా దించి, రెండు పాదములు నేలకు చక్కగా ఆనునట్లు పెట్టుకొని, బడి ఆవరణములో తన్నుకొనుచు తిరిగితిని. మొదట నాలుగు అడుగులు, తరువాత పది, తరువాత పాదములెత్తి కొంతదూరము జారిపోవుట. సైకిలు పడకుండుట మన బలముచేత కాదు. అది ఎటు వాలుచున్నదో అటే ముందుచక్రము తిరుగును; చక్రము తిరిగి బరువు క్రిందికి వచ్చి మరల నిలబడును. దీనిని చేతులు చిన్నప్పుడే నేర్చుకొన్నవి. మెదడు దెబ్బ తిన్నను ఆ నేర్పు చాలవరకు ఎక్కడనో పదిలముగా నుండుట చూచి ఆశ్చర్యపడితిని. పోయినది నేర్పు కాదు, నేర్పుతోపాటు మరియొకటి చేయు శక్తి. త్రొక్కుచుండగా మనుమడు "తాతా, పదిహేడు ఎనిమిదులు ఎంత?" అని అడిగెడివాడు. జవాబు వెదకిన క్షణమున హ్యాండిలు వణకెడిది. ఆ వణకు పోవువరకు పెడళ్లు బిగించవద్దని నిర్ణయించుకొంటిమి. ఏప్రిలునాటికి, సైకిలు తిన్నగా పోవుచుండగనే, "నూటముప్పదియారు," అంటిని.

నా ఎడమచేతి పిడికిలి బలము పూర్తిగా తిరిగి రాలేదు. మన సైకిళ్లలో సాధారణముగా కుడిచేతి బ్రేకు ముందుచక్రమునకు, ఎడమచేతిది వెనుకచక్రమునకు. బలమైన కుడిచేయి ఒక్కటే ముందుచక్రమును బిగించినచో మనిషి బొక్కబోర్లా పడును. మరమ్మతు అబ్బాయి తీగెలు మార్చి వెనుక బ్రేకును కుడిచేతికి కలిపెను. నిదానముగా పోవువానికి ఇది చాలును. బెల్లును గూడ కుడిప్రక్కకు మార్చెను. కుడి హ్యాండిలుకు చిన్న అద్దము బిగించెను. దానివలన వెనుకకు తిరిగి చూచు పని సగము తగ్గెను. ఎడమ హ్యాండిలు చివర ఎర్రగుడ్డపీలిక కట్టితిని. పత్రికలోని ఎర్రగీత వంటిదే. అది కనబడునంతవరకు తల త్రిప్పిన, కాలువయు కనబడును. ఊరివారు ఇదంతయు చూచి, ఆడవాళ్ల సైకిలు, అద్దము, ఎర్రపీలిక, అయివోరికి రెండవ పెండ్లి కుదిరినదని నవ్వుకొనిరి. నవ్వనిండు.

హెల్మెట్ గూర్చి మూడు మాటలు. లోపల థర్మోకోలువంటి గట్టి నురుగుండును. దెబ్బను అది తాను నలిగి మ్రింగును. ఒకసారి నలిగినది రెండవసారి పనికిరాదు, పైకి బాగుగా కనబడినను పారవేయవలెను. కనుబొమలకు పైన రెండు వ్రేళ్ల ఎడములో నుదుటిమీద కూర్చుండవలెను. వెనుకకు నెట్టుకొన్నచో అది అలంకారమే. గడ్డము క్రింద పట్టీ ఒక వ్రేలు మాత్రమే దూరునంత బిగువుండవలెను. ఇంత చేసినను అది తలను అన్ని దెబ్బలనుండి కాపాడలేదు. పుర్రె పగులకున్నను లోపల మెదడు ఒక్కసారిగా తిరిగి నలుగవచ్చును. మొదటి దెబ్బ పూర్తిగా మానకముందు రెండవ దెబ్బ తగిలిన, అది చిన్నదైనను, మొదటిదానికంటె ఎక్కువ చేటు చేయవచ్చును. మూడు నెలలు ఓపికపట్టుటకు నాకు ఈ ఒక్కమాటయే చాలెను.

2024 జూనులో, మూర్ఛ రాక పదమూడు నెలలైన తరువాత, వైద్యుడు రోడ్డుకు సెలవిచ్చెను. మా రోడ్డు నెల్లూరునుండి మైపాడు సముద్రమునకు పోవునది, సమతలము, సైకిలుకు మంచిది. కాని దానికిని కొన్ని గుణములున్నవి. రొయ్యల బండ్లు ఐసునీరు కార్చుచు పోవును, ఆ తడి జారును. కోతలప్పుడు వడ్లు, వాటి అంచున రాళ్లు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు మాకు వానలు, తుపానులు. నీటి క్రింద గుంట కనబడదు. వేసవిలో పదిగంటలకే వడగాలి. కావున నాకు మిగిలినది తెల్లవారుజాము వెలుగు వచ్చినది మొదలు ఎనిమిదింటివరకు. ఆ వేళ గాలి నేలనుండి సముద్రమునకు మెల్లగా వీచుచుండును. మొదటి నెల సముద్రమువైపు పోక, ముందుగా పడమరకు, గాలికి ఎదురు పోయితిని. అలసిన తరువాత తిరుగుదారిలో గాలి వీపును త్రోయవలెనని నా లెక్క. తిరిగివచ్చునప్పుడు ఎండ కన్నులలో పడును. దానికి హెల్మెట్ ముందరి చూరు కొంత ఆధారము. అన్నియు కలిసివచ్చు దారి ఈ లోకములో లేదు, ఏది తక్కువ చెడో చూచుకొనవలెను.

మనుమడు తన సైకిలుమీద నాకు కుడిప్రక్కగా, కొంచెము వెనుకగా వచ్చెడివాడు. జేబులో నా పేరు, మాత్రల పేర్లు, ఇంటి ఫోను నంబరు వ్రాసిన చీటీ. నా భార్య మొదటి దినమున గడపలో నిలిచి ఏమియు అనలేదు. తిరిగి వచ్చువరకు గడపలోనే యున్నదని ప్రక్కింటివారు తరువాత చెప్పిరి. ఆమె భయము తీరవలెనని నేను ఎప్పుడును తొందరచేయలేదు. తలదెబ్బ ఒకరికే తగిలినను, దానిని జ్ఞాపకముంచుకొను పని రెండవవారిది. నాకు తెలియని ఆ పదునెనిమిది దినములు ఆమెకు బాగుగా తెలియును.

మీ యింటివారు ఇదంతయు చేసినను సైకిలెక్కలేకపోవచ్చును. ఈ మాట దాచుట మంచిది కాదు. మూర్ఛలు మందులకు లొంగనివారు, చూపులో సగము పోయినవారు, తొందరపాటును ఆపుకొను శక్తి దెబ్బతిన్నవారు రోడ్డు ఎక్కరాదు. మా ప్రాంతములోనే నాకంటె చిన్నవాడు, నాతోపాటు చికిత్స పొందినవాడు, మూర్ఛలవలన నేటికిని ఎక్కలేదు. అతని తమ్ముడు అతనిని వెనుక కూర్చుండబెట్టుకొనిపోవును. తూకము లేక మూర్ఛ మాత్రము లేనివారికి మూడుచక్రముల సైకిలు కలదు. నిలబడియే యుండును, మలుపులో మాత్రము నిదానించవలెను. నేను దానిని గూడ విచారించితిని. కాని మా దారి సన్నము, దాని వెనుకభాగము వెడల్పు. ఎడమను మరచువానికి ఆ ఎడమచక్రము కాలువలోనికే దారి చూపును.

పాళెమునకు పోవు దారిలో బకింగ్‌హాము కాలువ వంతెన యొకటి కలదు. ఎక్కుడు, దిగుడు రెండును నిటారుగా నుండును. పైన గాలి ప్రక్కనుండి కొట్టును. వంతెనవరకు త్రొక్కుచున్నాను. అక్కడ దిగి, సైకిలును ఎడమచేతి ప్రక్కన పెట్టుకొని నడిచి దాటుచున్నాను, అవతల మరల ఎక్కుచున్నాను. వారమునకు నాలుగు దినములు పోయిన నేను ఇప్పుడు రెండే దినములు పోవుచున్నాను, సాయంకాలమునకు బదులు సెలవు దినముల ఉదయమున. ఇరువదిముగ్గురిలో తొమ్మిదిమంది వచ్చుచున్నారు; పెద్దవారు కొందరు వలలకు పోయిరి, కొందరు చదువు నిమిత్తము నెల్లూరు చేరిరి. వానలు మొదలైన తరువాత సైకిలును వసారాలో నిలిపి, టైర్లలో గాలి తగ్గించి, చైనుకు నూనె రాసి ఉంచెదము. సంక్రాంతి దాటి రోడ్డు ఆరిన పిమ్మట, మొదట మరల బడి ఆవరణములో రెండు దినములు త్రొక్కి, ఎక్కముల పరీక్ష మనుమనికి అప్పగించి, ఆ తరువాతనే రోడ్డుమీదికి పోవుట మా యింటి కట్టుబాటు.